పళ్ళేల కలంపిర్

బోజ్‌తొబె ఊళ్ళో ఎవరింటి కప్పు మీదైనా ఆడమనిషి కనిపించిందంటే అప్పట్లో అది కలంపిరే అయ్యుండాలి. ఇంకే ఆడమనిషీ ఇల్లెక్కేది కాదు. మగవాళ్ళు కూడా పొగగొట్టంలో మసి దులపడానికి ఏడాదికోసారి ఎక్కేవారు. ఎక్కినంతసేపూ నిచ్చెన గట్టిగా పట్టుకోమని కింద ఉన్న పెళ్ళాల మీద కేకలేసేవారు. కలంపిర్ ఇంట్లో ఇది తిరగబడింది. ఎక్కేది ఆమె, నిచ్చెన పట్టుకునేది మొగుడు ఎసెన్‌గెల్ది. అతను పాత జీపు నడుపుతాడు, మంచులో కూరుకుపోయిన ట్రాక్టరునైనా లాగి బయటపడేస్తాడు, కానీ నిచ్చెన రెండో మెట్టు దాటితే కళ్ళు తిరుగుతాయి.

"నావైపు చూడకు, నేలకేసి చూడు," అనేది కలంపిర్ పైనుంచి.

"నేలకేసే చూస్తున్నా. నువ్వు పడితే ఎక్కడ పడతావో ముందే అక్కడి రాళ్ళేరేద్దామని," అనేవాడతను.

ఇళ్ళెక్కక ముందు ఆమె జిల్లా కేంద్రంలో టెలిఫోను ఆఫీసులో పనిచేసేది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు మీద ఒక రంధ్రంలోంచి తీగ పీకి ఇంకో రంధ్రంలో గుచ్చుతూ, ఆ స్తెప్పె మైదానంలో విసిరేసినట్టున్న పల్లెల్ని ఒకదానితో ఒకటి కలిపేది. ఎవరి కొడుకు పటాలంలో ఏడుస్తున్నాడో, ఎవరి కూతురు ఎవరితో గుసగుసలాడుతోందో, అన్నీ ఆమె చెవిన పడ్డాకే ముందుకు వెళ్ళేవి. ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు. తర్వాత ఒకరోజు బీరువా అంత పెట్టె ఒకటి తెచ్చి ఆఫీసు గోడకానించారు. ఇక లైన్లు వాటంతటవే కలుస్తాయన్నారు. కలంపిర్‌కూ తోటి ఆడవాళ్ళకూ తలా ఒక టీ కప్పుల సెట్టు చేతిలో పెట్టి, పూలిచ్చి, ఇంటికి పంపేశారు.

ఇంటికొచ్చాక ఆమెకు చెవులు బోసిగా అనిపించాయి. పాలు పిండేటప్పుడు ఆవు కాలు విదిలిస్తే "లైన్‌లో ఉండండి" అనేది. ఈ సంగతి ఎసెన్‌గెల్ది ఊరంతా చెప్పేశాడు. కొన్నాళ్ళు ఊళ్ళో ఎవరు ఎవర్ని ఆగమనాలన్నా "లైన్‌లో ఉండు" అనేవారు.

అలాంటి రోజుల్లో దేశం తన సొంత ఉపగ్రహాన్ని పైకి పంపింది. వార్తల్లో దాన్ని జెర్సెరిక్ అన్నారు, అంటే భూమికి తోడుండే నేస్తమని. అప్పటిదాకా బోజ్‌తొబెలో నాలుగైదు కప్పుల మీద తుప్పుపట్టిన పెద్ద డిష్ పళ్ళేలు వేరే దేశాల ఉపగ్రహాల వైపు మూతి పెట్టుకుని ఉండేవి. వాటిలో వచ్చే మాటలు సగం మందికి అర్థమయ్యేవి కావు. ముసలమ్మలు బొమ్మల్ని చూసి కథ తామే అల్లుకునేవారు. ఇప్పుడు మన భాషలో, మన పాటలతో బొమ్మలొస్తాయట, ప్రతి ఇంటికీ చిన్న పళ్ళెం ఇస్తారట, బిగించడం నేర్చుకోవడానికి ఊరికొకర్ని పంపమని కబురొచ్చింది. ఊరి పెద్ద ఎవర్ని అడిగినా గొర్రెలున్నాయనో గడ్డి కోయాలనో తప్పించుకున్నారు. కలంపిర్ మాత్రం అడగకుండానే జీపెక్కి కూర్చుంది.

శిక్షణలో చేతికి చిన్న మీటరొకటి ఇచ్చారు. పళ్ళేన్ని దక్షిణం వైపు తిప్పి, వెంట్రుకవాసి చొప్పున పైకీ పక్కకీ జరుపుతూ ఉంటే అది గురకలాంటి చప్పుడు చేస్తుంది. ఉపగ్రహం సరిగ్గా తగిలిందా, సన్నటి కూత పెడుతుంది. ఆ కూత వినగానే కలంపిర్ ఒళ్ళు జలదరించింది. అవతలివైపు ఎవరో ఫోనెత్తినట్టే ఉంది.

అలా ఆమె ఊరంతా పళ్ళేలు బిగించింది. ఊరికి దక్షిణాన ఉన్న సమాధుల గుమ్మటం పైన, చెయ్యి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే మూడు పిడికిళ్ళ ఎత్తున ఉపగ్రహం ఉంటుందని ఆమెకు గురుతు. ఆఖరికి మిగిలింది షైమెర్దెన్ ముసలాయన ఇల్లు. ఆయనకు గొర్రెలెక్కువ, కోపం ఎక్కువ, గొంతు అన్నిటికంటే ఎక్కువ. ఊరికి కోడలిగా వచ్చిన ఆడది అక్కడి పెద్దవాళ్ళ పేర్లు నోటితో పలకదు గనక కలంపిర్ పెళ్ళైన వారానికే ఆయనకు ఉరుము తాత అని పేరు పెట్టుకుంది. ఆయనకూ ఆ పేరు నచ్చింది, పైకి మాత్రం ఒప్పుకోడు.

"ఏమే కోడలా, అది అక్కడే ఉంటదని నీకెవరు చెప్పారే? రేపు ఇంకో చోటికి పోతే?"

"పోదు తాతా. భూమి తిరిగినట్టే అదీ తిరుగుద్దంట. మనకి మాత్రం ఒక్కచోటే నిలబడ్డట్టు కనపడుద్ది. అసలు కనపడదనుకోండి."

"ఆకాశంలో కదలంది ధ్రువనక్షత్రం, తెమిర్‌కజిక్ ఒక్కటే. దేవుడు దిగ్గొట్టిన ఇనప గుంజ. మా తాతలు గుర్రాలు పోతే దాన్ని చూసుకునే ఇల్లు చేరారు."

"అది ఉత్తరాన దేవుడు కొట్టింది. ఇది దక్షిణాన మనోళ్ళు కొట్టుకున్న గుంజ. రెండూ ఉంటే పోయేదేముంది?"

ముసలాయన కాసేపు గడ్డం గోక్కుని, బిగించమన్నాడు. ఆ రోజు నుంచి ఆయన గొర్రెలు ఇంటికి తొందరగా రావడం మొదలుపెట్టాయి. సాయంత్రం పాటల పోటీలు వస్తాయి కదా మరి.

శీతాకాలం ముందు ఆయన ఇంట్లో బొమ్మ పోయింది. కలంపిర్ వెళ్ళి చూస్తే, పళ్ళేనికి ఎదురుగా దక్షిణం వైపు కొత్తగా వేసిన గడ్డివామి కొండలా నిలబడి ఉంది.

"తాతా, వామి జరపండి. లేదంటే పళ్ళేన్ని కొట్టం మీదికి మారుస్తా."

"వామి మా నాన్న వేసిన చోటే వేశా, జరపను. కొట్టం మీద పెడితే పిల్లులు పడగొడతయ్. నీ ఉపగ్రహాన్నే కాస్త పక్కకి జరగమను."

ఎవరూ జరగలేదు. ముసలాయన ఆ చలికాలమంతా పొద్దున్నే వామి పైభాగం నుంచి గడ్డి పీకి గొర్రెలకు వేశాడు, ఎప్పుడూ వేసేదానికి రెండింతలు. వామి నడుం దాకా దిగేసరికి బొమ్మ ముక్కలుముక్కలుగా రావడం మొదలైంది, ఇంకాస్త దిగాక పూర్తిగా వచ్చింది. ఆ ఏడు మైదానంలో అందరికంటే బలిసిన గొర్రెలు ఆయనవే. కొవ్వంతా తోకలో చేరే జాతి అవి, ఆ తోకలు బరువుకి నేలకేసి ఊగేవి.

మార్చి నెల మొదట్లో కలంపిర్ పరువు పోయింది.

ఆ రోజు కుస్తీ పోటీలు. బోజ్‌తొబె కుర్రాడే ఒకడు ఆఖరి పట్టులో ఉన్నాడు. ఊరంతా టీవీల ముందే. సరిగ్గా వాడు అవతలివాడి నడికట్టు పట్టుకున్నాడు, బొమ్మ చుక్కలు చుక్కలుగా విరిగి మాయమైంది. ఒకింట్లో కాదు, అన్నిళ్ళలోనూ. వీధంతా "కలంపిర్!" అన్న కేకే.

ఆమె మీటరు పట్టుకుని పరుగెత్తింది. మొదట ఉరుము తాత ఇల్లు, తర్వాత పక్కిల్లు, తర్వాత బడిపంతులు ఇల్లు. మర విప్పడం, పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పడం, కూత కోసం వెతకడం. కూత లేదు, ఉత్త రొద. చెమటలు పట్టాయి. అంతలో ఎదురింట్లోంచి హోరుమని కేకలు వినిపించాయి. అక్కడ బొమ్మ దానంతటదే తిరిగొచ్చింది, ఊరి కుర్రాడు గెలిచాడు కూడా. ఆమె చెయ్యి పెట్టని ప్రతి ఇంట్లోనూ బొమ్మ వచ్చింది. చెయ్యి పెట్టిన ఇళ్ళలో మాత్రం నల్లటి తెర.

ఉరుము తాత గడపలో నిలబడి ఉరిమాడు. "ఊరంతా చూసిందే! మావాడు వాణ్ని ఎత్తి కుదేస్తుంటే ఊరంతా చూసింది, నేను నీ బూట్లు చూస్తూ కూర్చున్నా!"

మర్నాడూ అదే వేళకు బొమ్మ పోయింది, కొన్ని నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. ఈసారి కలంపిర్ కదల్లేదు. పళ్ళేలు బిగించేవాళ్ళ కోసం ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తినవాడి పేరు రౌవాన్. ఆమె జరిగిందంతా చెబితే పగలబడి నవ్వాడు, వెంటనే నాలిక్కరుచుకుని, పెద్దక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచాడు.

"తప్పు మాదే ఆపా, శిక్షణలో చెప్పుండాల్సింది. వసంతంలో కొన్నాళ్ళు, శరత్కాలంలో కొన్నాళ్ళు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. మీ పళ్ళెం చూసేవైపే ఆయనా ఉంటాడు. పెళ్ళి మేళం పక్కన నిలబడి ఎవరో గుసగుసలాడితే మీకేం వినపడుద్ది?"

"లైన్లో రొద," అంది కలంపిర్.

"అంతే. దాటిపోయేదాకా ఊరుకోవడమే. అది ఎక్కడికీ పోదు. బొమ్మ పోయిందంటే దానికీ మీకూ మధ్య ఏదో వచ్చిందన్నమాట. పళ్ళేన్ని మాత్రం తిప్పకండి."

ఆమె ఇంటింటికీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది, తిప్పేసిన పళ్ళేలు సరిచేసింది. కొందరు నవ్వారు. కొందరు సూర్యుడి మీద నేరం మోపిన మొదటి కోడలు ఇదేనన్నారు. ఎసెన్‌గెల్ది మాత్రం ఆ వేళకు సమోవార్ వెలిగించి, "సూర్యుడొచ్చాడు, టీ తాగండి!" అని వీధిలోకి కేకేసేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ రోజుల్లో ఆ వేళకు టీ తాగడం ఊళ్ళో అలవాటైపోయింది.

కుస్తీ పోటీల ఏడాది శరత్కాలంలోనే ఊరి ఆరోగ్య కేంద్రానికి ఇంకో రకం పళ్ళెం వచ్చింది. పెద్దది, వినడమే కాదు, మాట్లాడుతుంది కూడా. రెండు గదుల ఆ కేంద్రంలో ఉండేది నర్సు మార్జియా ఒక్కతే. ఆమె ముందు ఒక తెర పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో జౌరె డాక్టరమ్మ అందులో కనిపిస్తుంది, అవసరమైతే రోగిని చూసి చెబుతుంది. బిగించడానికి వచ్చిన జట్టుతో కలంపిర్ కూడా కప్పెక్కింది. మొదటిరోజే పేచీ వచ్చింది. మార్జియా, డాక్టరమ్మ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుని, ఇద్దరూ ఒక్కసారే ఆగి, మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"నువ్వు చెప్పి ఊరుకో," అంది కలంపిర్. "నీ మాట అంత పైకెక్కి అక్కణ్ణుంచి దిగాలి. ఆమె మాటా అంతే. పూర్వం దూరపు లైన్లకి మేం ఇలాగే చేసేవాళ్ళం. మాట అయిపోగానే 'ఊఁ' అను, అప్పుడు ఆమెకి తెలుస్తది."

అప్పట్నుంచి మార్జియా ప్రతి మాట చివరా "ఊఁ" అనేది. మొగుడితో పోట్లాడేటప్పుడు కూడా.

మరుసటి ఏడు వసంతంలో, కొత్త సంవత్సరపు నౌరీజ్ పండగ వెళ్ళిన కొద్దిరోజులకు మంచు తుఫాను వచ్చింది. చలికాలపు పొడి మంచు కాదు, వసంతంలో వచ్చే తడి మంచు. చలికాలపు మంచైతే గాలికి ఎగిరిపోతుంది. ఇది దేనికి తగిలితే దానికి ముద్దలా అంటుకుంటుంది. దారులు మూసుకుపోయాయి. పొద్దున కరెంటు కూడా పోయింది. సరిగ్గా ఆ పూటే ఉరుము తాత కోడలు ఉల్‌బొల్సిన్‌కు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా వారం గడువుందనుకున్నారు. ఆమె మొగుడు గనిలో పనికెళ్ళి అక్కడే చిక్కుబడ్డాడు. ముసలాయన ఆమెను దుప్పట్లలో చుట్టి, గుర్రపు బండి మీద ఆరోగ్య కేంద్రానికి తెచ్చాడు.

మార్జియా చెయ్యి పెట్టి చూసి తెల్లబోయింది. బిడ్డ కాళ్ళవైపు నుంచి వస్తోంది. అలాంటి కాన్పు ఆమె ఎప్పుడూ ఒంటరిగా చెయ్యలేదు. అంబులెన్సు వచ్చే దారి లేదు. ఎసెన్‌గెల్ది తన జీపులోంచి డీజిలు తీసి కేంద్రం వెనక ఉన్న జనరేటరు నడిపించాడు. తెర వెలిగింది. జౌరె డాక్టరమ్మ ముఖం కనిపించింది.

"భయపడకు మార్జియా. నేనిక్కడే ఉన్నా. నేను చెప్పిందే చెయ్యి, చెప్పంది చెయ్యకు."

"సరేనండీ. ఊఁ."

అంతలో ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయి, తెర ఆగిపోయింది.

కలంపిర్ అప్పటికే నిచ్చెన వేసింది. పట్టుకోవాల్సిన మొగుడు జనరేటరు దగ్గర ఉన్నాడు, దాని గొట్టంలో మంచు చేరకుండా చూడాలి. "పట్టుకోండి తాతా," అని ఆమె ముసలాయన చేతుల్ని నిచ్చెనకు అతికించినట్టు పెట్టి ఎక్కేసింది. పైన గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. పళ్ళెం ఉన్నచోట పళ్ళెం లేదు, తెల్లటి దిండు ఒకటుంది. చీపురుతో గీకి పడేసింది. లోపల్నుంచి "వచ్చింది!" అని మార్జియా కేక. ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ ముద్ద కట్టింది. మళ్ళీ తెర ఆగిపోయింది.

"తిప్పవే! కాస్త పక్కకి తిప్పి చూడు!" అని కింద నుంచి ఉరుము.

"తిప్పను తాతా!"

"ఊరి పళ్ళేలన్నీ తిప్పావ్, ఇప్పుడు తిప్పడానికి ఏమొచ్చిందే!"

"అప్పుడు తిప్పే కదా తగలబెట్టింది! అది ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. మంచే అడ్డు."

గీకిన కొద్దీ అంటుకుంటోంది. చీపురు తడిసి గడ్డకట్టింది. తలగుడ్డ విప్పి తుడిచింది, అదీ తడిసింది. లోపల ఉల్‌బొల్సిన్ మూలుగు కిటికీ దాటి వినిపిస్తోంది. ఎన్నో లైన్లు తెగిపోవడం కలంపిర్ చూసింది, కానీ ఏ తీగ చివరా ఇంతవరకు ఇలా బిడ్డ లేదు. దేనికి ఏది అంటుకోదా అని వెతుక్కుంటుంటే, వంటింట్లో తాబా రొట్టె కళ్ళముందు మెదిలింది. పెనానికి పిండి అంటకుండా ఏం చేస్తారు?

"తాతా, కొవ్వు కావాలి!"

"ఏంటీ?"

"గొర్రె తోక కొవ్వు! పెద్ద ముక్క, తొందరగా!"

"ఆకలేస్తే తర్వాత తినవే! ఇప్పుడు కొవ్వేంటి!"

"నాక్కాదు, పళ్ళేనికి! పూస్తే మంచు జారిపోద్ది!"

ముసలాయన నిచ్చెన వదిలేసి బండి దగ్గరికి పరుగెత్తాడు. బండిలో సంచీ నిండా ఉంది. ఈసారి మనవడే పుడతాడని, పుట్టగానే ఊరికి పెట్టాలని కోసిన గొర్రె తోక, అందరి కళ్ళూ పడేంత పెద్దది, వచ్చేటప్పుడే పట్టుకొచ్చాడు. అందులోంచి రెండు చేతులకు సరిపడా ముక్క కోసి, మార్జియా పొయ్యి మీద కాసేపు వెచ్చబెట్టి, కోటు లోపల పెట్టుకుని వచ్చాడు. అందివ్వడానికి చెయ్యి చాలలేదు. ఆయన డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఆ గాలిలో మెట్టు మెట్టూ ఎక్కి ఆమె బూటు దగ్గర కొవ్వు పెట్టి, "ఇదిగో, ఇద్దరం కలిసి పడదాం," అన్నాడు.

కలంపిర్ గీకింది, మోచేతితో తుడిచింది, కొవ్వు రుద్దింది. పళ్ళెం మొత్తం, అంచులు, ముందుకు పొడుచుకొచ్చి మాటలు అందుకునే కొమ్ము మూత, అన్నిటికీ. చేతులకు స్పర్శ పోయింది. మంచు మళ్ళీ వచ్చి పడింది, పడి ఒక్క క్షణం ఆగింది, ఆగి కిందికి జారింది. మళ్ళీ పడింది, జారింది. ఇక అంటుకున్నచోటల్లా గుప్పెడు కొవ్వు, ఒక తోపు. అంతే పని.

లోపల తెర వచ్చి నిలబడింది. కిటికీ లోంచి డాక్టరమ్మ గొంతు మెట్టు మీది ముసలాయనకు కూడా వినిపించింది. "లాగకు మార్జియా. చేతులు పెట్టకు. దానంతటది రానీ. ఆగు. ఆగు. ఇప్పుడు టవలుతో పట్టుకో. అలా. ఇప్పుడు పైకెత్తు." మార్జియా "ఊఁ" అనడం మర్చిపోయింది. డాక్టరమ్మ కూడా అడగలేదు.

తర్వాత చాలాసేపు గాలి చప్పుడే. కలంపిర్ కొవ్వు రుద్దుతూనే ఉంది, ముసలాయన మెట్టు మీద కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. అప్పుడు గాలి కంటే గట్టిగా ఒక ఏడుపు వినిపించింది. వెంటనే కిటికీ తెరుచుకుంది.

"సుయిన్షి!" అని అరిచింది మార్జియా. శుభవార్త మొదట చెప్పినవాళ్ళు కానుక అడిగే మాట అది. "సుయిన్షి, తాతా! ఆడపిల్ల! తల్లీ పిల్లా బాగున్నారు!"

మెట్టు మీద ముసలాయన కళ్ళు తెరిచాడు. "ఆడపిల్లా," అన్నాడు. ఇప్పటికే ఇద్దరు మనవరాళ్ళు. ముఖం ముడుచుకోబోయింది. కానీ గడ్డం నిండా మంచు, పైన కలంపిర్ జిడ్డు చేతులతో నవ్వుతూ ఏడుస్తోంది, తను ఇంత ఎత్తున ఎలా ఉన్నాడో తనకే తెలియదు. "ఏమైతేనేం," అని ఉరిమాడు. "గొంతు మాత్రం నాదే!"

మూడోనాటికి ఎండ కాసింది. దారి తెరుచుకుని తండ్రి కూడా వచ్చాడు. ఇంకొన్నాళ్ళకు ఉరుము తాత ఇంట్లో పుట్టిన పండగ చేశారు. ఊరంతా వచ్చింది, ఆడవాళ్ళు గుమ్మంలో మిఠాయిలు చల్లారు. తోక కొవ్వులో మిగిలిన సగం పెద్ద పళ్ళెంలో మాంసంతో పాటు వచ్చింది. మిగతా సగం ఎటు పోయిందని అడిగినవాళ్ళందరికీ ఎసెన్‌గెల్ది ఆకాశం వైపు వేలు చూపించాడు. కలంపిర్ సంగతంతా రౌవాన్‌కు ఫోన్లో చెప్పింది. అతను, "ఆపా, ఎవరైనా అడిగితే కొవ్వు సంగతి నేను వినలేదు," అని, "ఏ గొర్రెది?" అని అడిగాడు.

పేరు పెట్టే వేళ వచ్చింది. చెవిలో పేరు చెప్పాల్సింది ఇంటి పెద్ద. ఆయన పిల్లను చేతుల్లోకి తీసుకుని వంగాడు. ఏం పేరు చెప్పబోతున్నాడో అందరికీ తెలుసు. ఉల్‌తుయార్, అంటే ఇకనైనా కొడుకు పుట్టాలని. ఆడపిల్లలు వరసగా పుట్టిన ఇంట్లో అలాంటి పేరు పెడితే తర్వాతిది మగపిల్లాడని నమ్మకం. ఉల్‌బొల్సిన్ పేరూ అదే, కొడుకు కావాలని.

"ఆగండి మామయ్యా," అంది ఉల్‌బొల్సిన్.

కోడలు మామగారికి అడ్డుపడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"ఆ పేరొద్దు," అందామె. "నన్ను పిలిచినప్పుడల్లా మా ఇంట్లో అందరికీ రావాల్సిన తమ్ముడే గుర్తొచ్చేవాడు. ఆడుకోవడానికి పిలిచినా, అన్నానికి పిలిచినా వాడే. వాడు రానేలేదు. వచ్చింది నేను. ఇదీ వచ్చింది మామయ్యా. దీన్ని పిలిస్తే ఇదే పలకాలి."

ముసలాయన అలాగే వంగి ఉన్నాడు. "మరేం పెడదామంటావే?"

"సెరిక్‌గుల్."

"సెరిక్ మగపిల్లాడి పేరు కదే."

"తోడు అని కదా అర్థం. తోడుకి ఆడా మగా ఏముంది? గుల్ చేరిస్తే పువ్వు. జెర్సెరిక్ లేకపోతే ఇది లేదు, నేనూ లేను."

"ఇది ఎవరు నేర్పారే? ఆ పళ్ళేల కోడలా?"

నోటినిండా మాంసం పెట్టుకున్న కలంపిర్ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "నాకేం తెలీదు తాతా! నేను తినడానికొచ్చా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయన కోడలి ముఖం చూశాడు, కొడుకు ముఖం చూశాడు. వాడు ఎప్పుడో భార్య పక్కకు జరిగి నిలబడ్డాడు. పిల్ల వైపు చూశాడు. పిల్ల ఆయన గడ్డాన్ని పిడికిట్లో పట్టుకుంది, వదిలేలా లేదు. ఆయన చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాలనే చూశాడు, కానీ మెల్లగా చెప్పడం ఆయనకు జన్మలో చేతకాలేదు. "నీ పేరు సెరిక్‌గుల్! నీ పేరు సెరిక్‌గుల్! నీ పేరు సెరిక్‌గుల్!" వీధిలో కట్టేసిన గుర్రాలు కూడా చెవులు రిక్కించాయి. పిల్ల ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి చూసింది.

రాజీగా ఆయన ఒక్క మాట అడిగాడు. "తర్వాతోడు మగాడైతే పేరు మాత్రం నేనే పెడతా."

"అప్పుడు చూద్దాంలే మామయ్యా," అంది ఉల్‌బొల్సిన్.

సెరిక్‌గుల్ నడక నేర్చిన వేసవిలో ఒకరోజు ఉల్‌బొల్సిన్ కలంపిర్ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, పక్క పల్లెల వాళ్ళు కూడా నిన్నే పిలుస్తున్నారంట కదా. నీ మోకాళ్ళు నొప్పని బావ చెప్పాడు. నాకూ ఆ పని నేర్పవా?"

కలంపిర్ లోపలికి వెళ్ళి మీటరు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ముందు విను. చూడటం తర్వాత. గురకపెడితే తిప్పుతూ ఉండు, సన్నగా పాడితే ఆగు."

ఉల్‌బొల్సిన్ మొదటిసారి ఎక్కింది బడిపంతులు కప్పు. మామగారికి తెలిస్తే ఊరు కంపిస్తుందని అందరూ అనుకున్నారు. తెలిసింది, కాస్త కంపించింది కూడా. ఆయన వీధి చివర్నుంచే ఉరుముతూ వచ్చాడు, ఇంటి పరువేంటి, పొయ్యి మీద పాలేంటి, ఆడవాళ్ళంతా కప్పులెక్కితే మగవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి అని. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి, పైన కోడలి చేతిలో మీటరు సన్నటి కూత పెట్టింది. ముసలాయన నోరు మూశాడు. తల పక్కకు వంచి విన్నాడు.

"తగిలినట్టుందే," అన్నాడు.

"తగిలింది మామయ్యా!"

"అయితే కదిలించకుండా మర బిగించు. చెయ్యి జారనివ్వకు." ఆయన ఒక చంకన మనవరాల్ని ఎత్తుకుని, రెండో చేత్తో నిచ్చెన పట్టుకుని, పక్కనే నవ్వు ఆపుకుంటున్న ఎసెన్‌గెల్ది వైపు కోపంగా చూశాడు. "నువ్వేంట్రా చూస్తావ్? అటు కాలు పట్టుకో."